శౌరివారు దాటిన నీళ్ళ మీద

సింగపూర్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఆఫీసులో నా పేరు ‘సారీ’ అయిపోయింది. పాస్‌పోర్టులో శౌరిరాణి అని ఉంది. ఆ ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుని చదివిన మా టీమ్ లీడరు, పెనాంగ్ నుంచి వచ్చిన చైనీస్ ఆవిడ, మొహమాటంగా నవ్వుతూ "హలో సారీ" అంది. మిగతావాళ్ళు అందుకున్నారు. రెండువేల సంవత్సరం వచ్చేలోగా బ్యాంకుల కంప్యూటర్లలో తేదీలన్నీ సరిచెయ్యాలని మాలాంటివాళ్ళను విమానాల నిండా రప్పించుకుంటున్న రోజులవి. పేరు గురించి పేచీ పెట్టుకునే తీరిక ఎవరికీ లేదు, నాకూ లేదు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం దగ్గర ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన రామోన్ మాత్రం అడిగాడు, అసలు నీ పేరుకి అర్థం ఏమిటని.

"జేవియర్. అరవవాళ్ళు సవేరియార్ అన్నారు. మా గుంటూరు వాళ్ళ నోట్లో పడి శౌరి అయింది" అన్నాను.

అతను చెంచా కింద పెట్టేశాడు. "పునీత ఫ్రాన్సిస్ జేవియరా? ఆయన ఇటు మీదుగానే కదా పోయింది!" అంటూ కిటికీలోంచి చూపించాడు. మా ఆఫీసు చాలా ఎత్తున ఉంటుంది. దూరంగా సముద్రం మీద ఓడలు బర్రెల మంద పడుకున్నట్టు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. "అక్కడ. ఆ నీళ్ళ మీద."

నేను శౌరివారి గుడి ఎదురింట్లో పుట్టి పెరిగినదాన్ని. ఆయన దేహం గోవాలో ఉందని తెలుసు. చైనా దగ్గర ఏదో దీవిలో కన్నుమూశాడని ఉపదేశిగారు చెప్పగా విన్నాను. మధ్యలో ఉన్న సముద్రం గురించి ఎన్నడూ ఆలోచించలేదు. ఆ రోజు నుంచి శనివారాలు లైబ్రరీకి పోయి కూర్చున్నాను. చదివిందంతా ఇక్కడ రాయను. ముఖ్యమైనది ఇంతే. శౌరివారు మలక్కా నుంచి తూర్పుకు వెళ్ళినప్పుడు ఓడ ఈ జలసంధిలోంచే సాగింది. చివరిసారి చైనాకు పోతూ ఇక్కడ ఆగినప్పుడు కొన్ని ఉత్తరాలు రాసి పంపాడు. ఆయన నేల మీద కాలు పెట్టాడని మాత్రం ఎవరూ రుజువు చూపలేదు. చైనా దగ్గరి ఆ దీవిలో చనిపోయాక దేహాన్ని ఓడ మీద మలక్కాకు చేర్చారు. అంటే ప్రాణం లేకుండా కూడా ఆయన ఇదే దారిన తిరిగి వెళ్ళాడు. దాదాపు మూడు వందల ఏళ్ళు గడిచాక ఇక్కడికి ఫ్రెంచి ఫాదర్లు, పోర్చుగీసు ఫాదర్లు, చైనా నుంచీ తమిళదేశం నుంచీ బతకడానికి వచ్చిన జనం ఎవరి శౌరివారిని వాళ్ళు వెంట తెచ్చుకున్నారు. ఆయన ఊరికే దాటిపోయిన చోట గుళ్ళు లేచాయి.

పండుగ డిసెంబరు మూడున. ఆ రోజు పగలు పడవలో ఆ నీళ్ళ మీద సెయింట్ జాన్స్ దీవికి పోవాలి, సాయంత్రం ఆయన పండుగ చేసే గుడికి చేరాలి అని అనుకున్నాను. ఒంటరిగా పోదామనుకున్నదాన్ని, చివరికి నలుగురం బయల్దేరాం.

నేను బూన్ లేలో లూర్దమ్మ ఆంటీ వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆంటీ మలేషియాలో పెరాక్ వైపు కొబ్బరి తోటల్లో పుట్టిన తెలుగావిడ. పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చి ఒక బడి క్యాంటీన్ నడిపింది. తెలుగు, అరవం, మలాయి కలిపి మాట్లాడుతుంది. నా ప్రయాణం సంగతి వినగానే, "పడవ ఎక్కుతావా? అయితే నేనూ ఒస్తాను. మా తాతని ఓడలోంచి దింపింది ఆ దీవిలోనే" అంది.

మిగతా ఇద్దరు అన్నదమ్ములు, ఇన్నయ్య, రాయప్ప. మా ఊరికి ఆమడ దూరంలో వాళ్ళ ఊరు. తువాస్‌లో ఓడలు బాగుచేసే యార్డులో ఇద్దరూ వెల్డర్లు. ఆదివారాలు గుడిలో కలుస్తుంటాం. వర్షాకాలం ముందు రాయప్ప ఓడకూ గట్టుకూ మధ్య వేసిన పలక మీద జారి, తుంటి గట్టు అంచుకు తగిలి నీళ్ళలో పడ్డాడు. వెంటనే దూకి బయటికి లాగింది వాడితో పనిచేసే బంగ్లాదేశ్ అతను. ఎముక అతికింది. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. వాడు ఆపరేషన్ గదిలో ఉన్నప్పుడు ఇన్నయ్య మొక్కుకున్నాడు, తమ్ముణ్ణి నడిపించుకుంటూ నీ పండుగకు నీ గుడికి తెస్తాను స్వామీ అని.

అయితే మొక్కు ఒక్కటే కాదు. మర్నాడు పొద్దున రాయప్ప యార్డు ఆఫీసులో తన మాట చెప్పాలి. మళ్ళీ ఓడ ఎక్కి పని చేస్తాడా, లేక పర్మిట్ రద్దు చేయించుకుని ఇంటికి పోతాడా. ఎముక బాగుపడిందని డాక్టరు కాగితం ఇచ్చాడు. కానీ పడిన నాటి నుంచి వాడు పలక మీద కాలు పెట్టలేదు. యార్డులో రెండుసార్లు ప్రయత్నించి వెనక్కి వచ్చేశాడట.

"నీళ్ళ మీదకి తీసుకెళ్తే ఆ బెరుకు తీరుద్ది చెల్లెమ్మా. శౌరివారు తిరిగిన నీళ్ళు గదా" అన్నాడు ఇన్నయ్య. అతని ధైర్యం చూసి నేనూ సరేనన్నాను.

డిసెంబరు మూడున పొద్దున ఎనిమిది కాకముందే బూన్ లే స్టేషన్ దగ్గర కలిశాం. రైలు ఇక్కడి నుంచే బయలుదేరుతుంది కాబట్టి సీట్లు దొరకాలి. కానీ పనిరోజు, తోపులాట. ఆంటీ వయసు మరిచిపోయి ముందుకు దూసుకుపోయి ఒక సీటు మీద గొడుగు పెట్టింది. "చోప్ చేశాను, ఈ సీటు మనదే! రాయప్పా, కూచో తంబీ" అని కేకేసింది. రాయప్ప సిగ్గుపడి నిలబడే ఉన్నాడు. పక్క సీట్లో కాలేజీ పిల్ల కర్ర చూసి లేచి, "అంకుల్, యూ సిట్ లా" అంది. ఇరవై ఆరేళ్ళవాడికి అంకుల్ అనిపించుకోవడం అదే మొదలు కాబోలు, నవ్వుతూ కూలబడ్డాడు. వాడు నవ్వడం చాలా రోజుల తర్వాత చూశానని ఇన్నయ్య నా చెవిలో చెప్పాడు.

తంజోంగ్ పగార్‌లో దిగి బస్సు మారాం. వెళ్ళదలచినవాళ్ళకు ఒక మాట. దీవులకు పడవలు వరల్డ్ ట్రేడ్ సెంటర్ పక్క నుంచి బయల్దేరతాయి. మామూలు రోజుల్లో పొద్దున పదింటికి ఒకటి, మధ్యాహ్నం ఒకటిన్నరకు ఒకటి, అంతే. ఆదివారం అయితే చాలా ఉంటాయి, జనమూ ఉంటారు. టికెట్టు ఇచ్చే అమ్మాయి, "సెయింట్ జాన్స్ ఐలాండ్‌లో షాపులు లేవు, నీళ్ళూ తిండీ తీసుకెళ్ళండి" అని హెచ్చరించింది. ఆంటీ చేతిలో పులిహోర క్యారియర్ ఉంది, మాకు దిగుల్లేదు. ఆ దీవికి పేరు యోహానుగారి వల్ల వచ్చిందనుకుంటారు గానీ, మలాయివాళ్ళు సెకిజాంగ్ అన్నది ఇంగ్లీషువాళ్ళ చెవికి సెయింట్ జాన్ అని వినిపించిందట. పేరు మారడంలో నాకొక తోడు దొరికింది.

పదిగంటల పడవ దగ్గర వరుస కదిలింది. గట్టు నుంచి పడవలోకి చిన్న ఇనప పలక వేశారు, రెండు పక్కలా గొలుసులు. అలకు పడవ లేచినప్పుడు పలక కూడా లేచి, టక్కున గట్టు మీద పడుతోంది. ముందు ఇన్నయ్య ఎక్కాడు. వెనక రాయప్ప. వాడు కర్రను పలక మీద ఆనించాడు. పలక లేచి పడింది. అంతే. రెండు చేతులతో గొలుసు పట్టుకుని బిగుసుకుపోయాడు.

పడవలో మలాయి మనిషి చెయ్యి చాచి, "కమ్, బాంగ్, కమ్" అన్నాడు, రా అన్నా అని. వెనక జనం ఆగిపోయారు. ఇన్నయ్య పడవలోంచి, "రారా, ఒక్క అడుగేరా! ఇంతమంది చూస్తున్నారు" అని అరిచాడు. రాయప్ప తల అడ్డంగా ఊపుతూ వెనక్కి నడిచి, నన్ను దాదాపు తోసుకుంటూ బయటికి వచ్చేశాడు. ఇన్నయ్య దిగక తప్పలేదు. మేము చూస్తుండగానే పడవ వెళ్ళిపోయింది.

గట్టు మీద ఇన్నయ్య తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. "ఈ మాత్రం దానికేనా నేను లీవు పెట్టింది? రేపు ఆఫీసులో ఏం చెప్తావురా? ఈ దేశం రావడానికి మనం పడ్డ పాట్లన్నీ ఏ నీళ్ళలో కలుపుతావు?"

ఆంటీ మధ్యలోకి వచ్చి, "ఇన్నయ్యా, నువ్వెళ్ళి నలుగురికీ కోపీ పట్టుకురా. ఒకటిన్నరకి ఇంకో పడవుంది కదా. అరవడానికేటి తొందర?" అని అతన్ని పంపేసింది.

తింటానికీ తాగటానికీ బల్లలు వేసి ఉన్న చోట నీడన కూర్చున్నాం. రాయప్ప నాతో అన్నాడు, "నీళ్ళంటే కాదక్కా. పలక. అది లేచి పడిద్ది చూడు, ఆ చప్పుడు. ఆ రోజు అదే చప్పుడు విన్నా, తర్వాత కాలి కింద ఏం లేదు. అన్నకి చెప్పినా అర్థం కాదు. ధైర్యం చెయ్ అంటాడు. ధైర్యం నాకు లేక కాదక్కా, కాలికి లేదు."

కంప్యూటర్ అయితే తప్పు ఏ వరుసలో ఉందో వెతికేదాన్ని. ఆంటీ మాత్రం తన కథ మొదలుపెట్టింది, వాడికోసం అన్నట్టు కాకుండా, ఊసుపోక చెబుతున్నట్టు.

"మా తాతోళ్ళది విశాపట్నం సైడు. ఓడెక్కేటప్పుడు మా నాయనమ్మ బొడ్లో శౌరివారి బిళ్ళ కట్టుకుందట. దారిలో ఓడలో అమ్మవారు పోసింది ఎవరికో. అంతే, అందర్నీ ఆ దీవిలో దింపీసి రోజులకి రోజులు కంచె లోపల ఉంచీసేరు. ఎదురుగా సింగపూర్ దీపాలు కనపడతాయి, పోనివ్వరు. మా నాయనమ్మ అనీదట, ఇదిగో, శౌరివారు కూడా ఇలాగే దీవిలో కూచుని చైనా పడవ కోసం చూశారు, ఆయనకి రాలేదు, మనకి ఒస్తాది అని. ఆ మాట పట్టుకుని తోటలోకి పోయాక కూడా ప్రతి డిసెంబరు మూడుకీ కొబ్బరాకులతో పందిరేసి, పటం పెట్టి పూజ చేసీవోళ్ళు. ఫాదరు ఏడాదికోసారి ఒచ్చీవోడు. మేం సింగపూర్ ఒచ్చాక ఇక్కడ పెద్ద గుడి దొరికింది."

రాయప్ప తల ఎత్తి అడిగాడు. "శౌరివారికి పడవ రాలేదా ఆంటీ?"

"రాలేదు తంబీ. ఎదురుచూస్తూనే పోయారు."

వాడు ఆ మాట గురించి చాలాసేపు ఆలోచించినట్టుంది. ఇన్నయ్య కాఫీలతో వచ్చాడు. కోపం కాస్త దిగింది. పులిహోరలో సగం అక్కడే తినేశాం.

ఒకటిన్నర పడవకు జనం తక్కువ. పలక దగ్గరికి వచ్చేసరికి ఆంటీ తన సంచీ నా చేతికిచ్చి, రాయప్ప వైపు తిరిగింది. "అలమక్, ఇది ఊగుతోంది! తంబీ, నా మోకాళ్ళు సంగతి నీకు తెలుసు కదా. ఈ రాణికి బలం లేదు, మీ అన్నకి ఓపిక లేదు. నువ్వే నన్ను ఎక్కించాలి."

అది నాటకమనుకున్నాను. మర్నాడు ఆంటీ చెప్పింది, అందులో సగమే నాటకమట. నిజంగానే ఆవిడ భారీ మనిషి, మెట్లు దిగేటప్పుడు కూడా మూలుగుతుంది. రాయప్ప ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, కర్ర అన్న చేతికిచ్చాడు. ఆంటీ రెక్క కింద చెయ్యి వేశాడు. "ఆంటీ, పడవ కిందికి దిగేదాకా ఆగు. ఇప్పుడు కాదు. ఆగు... ఇప్పుడు వెయ్ కాలు" అన్నాడు. పలక టక్కుమంది. వాడి భుజాలు బిగుసుకోవడం వెనక నుంచి కనపడింది. కానీ ఆంటీ బరువంతా వాడి మీదే ఉంది, వదిలితే ఆవిడ పడిపోతుంది. ఇంకో అడుగు వేశాడు. మలాయి మనిషి ఆంటీ చెయ్యి అందుకున్నాడు. అప్పటికి ఇద్దరూ పడవలో ఉన్నారు.

ఇన్నయ్య గట్టు మీదే నిలబడిపోయాడు. కర్ర పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. నేనే అతన్ని మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను.

పడవ రేవు దాటగానే ఎడమ పక్క ఎత్తైన ఆఫీసులన్నీ ఒకదాని వెనక ఒకటి నక్కినట్టు కనిపించాయి. వాటిలో మాది ఏదో గుర్తుపట్టలేకపోయాను. ఎదురుగా పెద్ద ఓడలు. దగ్గరికి పోతే ఒక్కోటి మేడల వీధంత ఉంది. వాటి పక్కల మీద తుప్పు చారికలు చూసి రాయప్ప, "దీనికి కిందంతా మళ్ళీ ప్లేటు వెయ్యాలి. అదిగో, అది మన యార్డుకే వచ్చుద్ది చూడు అన్నా" అన్నాడు. వాడు తనంతట తాను మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఆంటీ జపమాల తీసింది. కొట్టుకుపోయేటంత గాలిలో నలుగురం కమ్మీ దగ్గర నిలబడి ప్రార్థన చెప్పాం. పునీత ఫ్రాన్సిస్ శౌరివారా, మా కొరకు ప్రార్థించండి. ఎక్కడో మా ఊరి పేటలో, తేరు వెనకాల నడుస్తూ చిన్నప్పుడు అన్న మాటే ఇది. ఆయన ప్రయాణించిన నీళ్ళ మీద అనడం ఇదే మొదలు.

చేపలు పట్టే కర్రలతో మా పక్కన కూర్చున్న చైనీస్ పెద్దాయన మా ప్రార్థన అయ్యేదాకా ఆగి, ఏ భాష అని ఇంగ్లీషులో అడిగాడు. చెప్పాను. ఎవరికి ప్రార్థన అని అడిగాడు. జేవియర్ పేరు వినగానే పెద్దగా నవ్వాడు. "మా అమ్మ పందుల పెంపకం చేసేది, పొంగోల్ వైపు. కొట్టంలో ఆయన పటం ఉండేది. చైనా వెళ్దామనుకున్నాడు కాబట్టి ఆయనకు మా టియోచూ భాష వచ్చనేది మా అమ్మ. నేను నమ్మేవాణ్ణి లా!"

దీవిలో దిగేటప్పుడు ఆంటీకి మళ్ళీ రాయప్ప చెయ్యే కావలసి వచ్చింది. కంచెలు లేవు. చెట్ల కింద సిమెంటు దారులు, సముద్రపు ఒడ్డున బెంచీలు, పిల్లులు. పాత రోజుల్లో రోగులనూ కొత్తగా వచ్చిన కూలీలనూ ఉంచిన చోటు ఇదేనని ఒక బోర్డు మీద ఇంగ్లీషులో రాసి ఉంది. ఆంటీ దాన్ని చదవలేదు. ఒడ్డుకు పోయి చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పాదాలు నీళ్ళలో పెట్టి, ఎదురుగా సింగపూర్ వైపు చూస్తూ నిలబడింది. "అంత దగ్గర" అంది.

మిగిలిన పులిహోర తింటుండగా ఇన్నయ్య ఉత్సాహంగా మొదలుపెట్టాడు. "రేపు ఆఫీసులో నేను చెప్తా. మా వాడు ఎక్కుతాడు సార్ అని. నెలరోజులు డెక్కు మీద తేలికపని అడుగుదాం. తర్వాత మామూలే."

రాయప్ప చేతులు కడుక్కుని వచ్చి అన్న ఎదురుగా కూర్చున్నాడు. "అన్నా, నేను ఇంటికి పోతా."

"అదేం మాటరా? ఎక్కావుగా ఇప్పుడు! భయం పోయిందిగా!"

"పూర్తిగా పోలేదు. పొయిద్ది. ఎక్కగలనని నాకు తెలిసింది. నిన్నటిదాకా ఇంటికి పోతానంటే అది భయం వల్లే అయ్యేది. ఇక్కడ చేతగాక పారిపోయి వచ్చాడంటారని ఆ మాట నీతో అనలేకపోయా. ఇప్పుడు అనగలను. ఓడల కింద పని నాకు ఇష్టం లేదన్నా. ఆస్పత్రిలో పడుకున్నప్పుడే అనుకున్నా. మన నరసరావుపేట రోడ్డులో షాపు పెట్టుకుంటా. గేట్లు, కిటికీ గ్రిల్లులు, ట్రాక్టరు ట్రక్కులు. నాకు చేతనైన పని."

"అయితే ఈ మొక్కు, ఈ పడవ, ఇదంతా దేనికిరా?"

"ఇందుకే. ఎక్కలేక ఇంటికి పోవడం వేరు, ఎక్కి పోవడం వేరు."

ఇన్నయ్య లేచి ఒడ్డు వెంట దూరంగా వెళ్ళిపోయాడు. తిరుగు పడవ కూత పెట్టినా గాని రాలేదు. నేను పోయి పిలవాల్సి వచ్చింది. తిరుగు ప్రయాణంలో అన్నదమ్ములు చెరో పక్క కూర్చున్నారు. ఈసారి పలక మీద రాయప్ప ఎవరి సాయం లేకుండా, కర్ర ఆనించుకుని, పెదాలు కరుచుకుని ఎక్కాడు. ఇన్నయ్య చూడనట్టు మొహం తిప్పుకున్నాడు, కానీ చూశాడు.

రేవు నుంచి మళ్ళీ తంజోంగ్ పగార్, అక్కడి నుంచి రైల్లో ఆంగ్ మో కియో, అక్కడ సెరంగూన్ వైపు పోయే బస్సు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ, పైగా వాన. బస్సులో నిలబడటానికి చోటు దొరికితే గొప్ప. మా పక్కన ఇళ్ళలో పనిచేసే ఇద్దరు ఫిలిప్పీన్స్ అమ్మాయిలు పూలు పట్టుకుని ఉన్నారు. వాళ్ళూ మా గుడికే. "మా అమ్మగారు రెండు గంటలే పర్మిషన్ ఇచ్చింది. పూజ అయ్యాక పరిగెత్తాలి" అన్నారు.

గుడి ఇళ్ళ మధ్యలో ఉంది. వాన సన్నగా పడుతున్నా ముంగిట గొడుగుల గుంపు. ఏడింటికి పూజ మొదలైంది. పూజ ఇంగ్లీషులో, పాటలు మాండరిన్‌లో, విన్నపాలు మాత్రం ఎవరి భాషలో వాళ్ళవి. తమిళంలో ఒకటి, టాగలాగ్‌లో ఒకటి, కొంకణిలో కూడా ఒకటి విన్నాను. తెలుగులో లేదు. ఫాదరు ప్రసంగంలో శౌరివారి అద్భుతాల గురించి చెప్పలేదు. ఆయన ఎక్కడికి పోదామని బయల్దేరాడో అక్కడికి చేరలేదు, అయినా ఆయన పని ఆగలేదు అని చెప్పాడు. ఇన్నయ్యకు ఇంగ్లీషు అంతగా రాదు. నేను గుసగుసగా తెలుగులో చెప్పాను. అతను నా వైపు చూడకుండానే విన్నాడు.

పూజ అయ్యాక శౌరివారి స్వరూపాన్ని, అంటే విగ్రహాన్ని, పల్లకీ మీద గుడి చుట్టూ తిప్పాలి. మోసేవాళ్ళలో ఒకాయన వానలో ఇరుక్కుని రాలేదట. తెల్ల చొక్కా వాలంటీరు జనంలోకి చూసి, పొడుగ్గా బలంగా ఉన్న ఇన్నయ్యను భుజం తట్టి, "బ్రదర్, కెన్ హెల్ప్?" అన్నాడు. ఇన్నయ్య నన్ను చూశాడు. ‘పో’ అన్నట్టు తలూపాను. అతను చెప్పులు విడిచి వెళ్ళి పల్లకీ కర్రకు భుజం పట్టాడు. ముందు చైనీసాయన, వెనక తమిళాయన, పక్కన యురేషియన్ ముసలాయన. ఎవరి అడుగూ ఎవరికీ కలవలేదు మొదట. స్వరూపం ఒక పక్కకు ఒరిగింది. ఇన్నయ్య మన ఊళ్ళో తేరు మోసేవాళ్ళు అన్నట్టే, "హైలెస్స!" అన్నాడు గట్టిగా. ఆ కేక అర్థం కాకపోయినా అందరూ దాంతో కలిశారు. రెండో చుట్టుకు చైనీసాయన కూడా "హైలెస్స" అంటున్నాడు. గొడుగుల కింద జనం నవ్వుకుంటూ వెంట నడిచారు. తెలుగులో విన్నపం లేని లోటు అలా తీరింది.

రాయప్ప కర్ర మీద ఆనుకుని, కారు పార్కింగ్ చుట్టూ స్వరూపం వెనకాలే పూర్తిగా నడిచాడు. మొక్కు అలా చెల్లింది.

తర్వాత హాల్లో నూడిల్స్, కర్రీ పఫ్‌లు, టీ. తడిసి ముద్దయిన ఇన్నయ్య ప్లేటు పట్టుకుని తమ్ముడి పక్కకు వచ్చి కూర్చున్నాడు. కాసేపు తిన్నాక, "రేపు ఆఫీసుకి నేనూ వస్తా. నీ మాట నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతా" అన్నాడు.

రాయప్ప తన ప్లేటులో పఫ్ తీసి అన్న ప్లేటులో వేశాడు.

తిరుగు ప్రయాణంలో ఊరి మధ్య రద్దీ వద్దని ఉత్తరం వైపు చుట్టూ తిరిగే దారి పట్టాం. ఉడ్‌లాండ్స్, క్రాంజీ మీదుగా జూరాంగ్ ఈస్ట్, అక్కడ మారి బూన్ లే. దూరం ఎక్కువైనా కూర్చుని రావచ్చు. ముసలివాళ్ళతో పోయేవాళ్ళు ఇదే దారి చూసుకోండి. క్రాంజీ దగ్గర రైలు బయట చీకటి పొలాలు. ఆంటీ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఎదురు సీట్లో అన్నదమ్ములు పోట్లాడుకుంటున్నారు. షాపు రోడ్డు వారనే ఉండాలని ఇన్నయ్య, కరెంటు లైను దగ్గరుండాలని రాయప్ప. మొదటి ఏడాది తన జీతంలోంచి సామాన్లు పంపిస్తానని ఇన్నయ్య, అప్పుగా అయితేనే తీసుకుంటానని రాయప్ప.

రాయప్ప క్రిస్మస్‌కు ముందే వెళ్ళిపోయాడు. షాపు కరెంటు లైను దగ్గరే పెట్టాడు. ఇన్నయ్య ఇంకా తువాస్‌లోనే ఉన్నాడు, ఓడల కిందే పని.

ఆ రోజు తర్వాత ఎవరైనా సింగపూర్‌లో శౌరివారి భక్తి ఎలా వచ్చిందని అడిగితే నేను మలక్కా ఓడలతో మొదలుపెట్టడం మానేశాను. ఆయన ఆ దేశానికి రాలేదు. దాటిపోయాడు. పోర్చుగీసు ఫాదరు, పందులు పెంచే టియోచూ తల్లి, బొడ్లో బిళ్ళ కట్టుకున్న విశాఖ కూలీ మనిషి, రెండు గంటల సెలవు మీద పూలు తెచ్చిన ఫిలిప్పీన్స్ అమ్మాయి, వీళ్ళు వచ్చారు. తమలాగే ఇల్లు వదిలి తిరిగినవాడు ఒకడు కావాలనుకున్నారు, తెచ్చి నిలబెట్టుకున్నారు. సముద్రం ఆయనది, గుడి వీళ్ళది.